కురుసురకి బంతి అందాలంటే: ఒక వేసవి వాటర్ పోలో డైరీ

ఏప్రిల్ 25

వేసవి వాటర్ పోలో బ్యాచ్‌కి పేర్లు ఇచ్చినవాళ్లు పదిహేను మంది. తొమ్మిది మంది అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు. పన్నెండేళ్ల నుంచి పదహారు లోపు. పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర దాకా పూల్ మాది. ఆ తర్వాత చిన్నపిల్లల బ్యాచ్ వస్తుంది, రాకపోయినా వైజాగ్ మే నెల ఎండలో ఆ టైముకి గట్టు మీద కాలు పెట్టలేం.

పూల్ 25 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. ఒక వైపు నాలుగడుగుల లోతు, ఇంకో వైపు ఆరడుగులు. వాటర్ పోలో అంటే నీళ్లలో తేలుతూ, ఈదుతూ బంతిని గోల్లోకి కొట్టే ఆట. ఇందులో నేలకి కాలు ఆనించకూడదు. నాలుగడుగుల వైపు ఆడిస్తే పిల్లలు నిలబడి ఆడేస్తారు, అది నీళ్లలో హ్యాండ్‌బాల్ అవుతుంది. కాబట్టి గోలు ఒక్కటే, లోతు వైపు. ఆట సగం పూల్‌లోనే.

ఇక నా అర్హత. యూనివర్సిటీ జట్టులో రెండేళ్లు ఉన్నాను, అందులో ఎక్కువ భాగం బెంచీ మీదే. గట్టున కూర్చున్నవాడికి ఒక లాభం ఉంది, ఆట మొత్తం కనిపిస్తుంది. నీళ్లలో ఉన్నవాడికి ఎదుటివాడి టోపీ, ఎగిరిపడే నీళ్లు తప్ప ఏమీ కనపడవు.

వచ్చినవాళ్లందరికీ ఈత వచ్చు. నేను నేర్పాల్సింది ఈత కాదు, ఎవడు ఎక్కడ ఉండాలి, ఎప్పుడు కదలాలి అన్నది. ఆరు వారాలు.

ఏప్రిల్ 27

గోలు తయారీకి ఆదివారం మొత్తం పోయింది. అసలు గోలు లోపలి కొలత 3 మీటర్ల వెడల్పు, నీటి మీద 90 సెంటీమీటర్ల ఎత్తు. కొనాలంటే మా బడ్జెట్‌కి అందదు. పీవీసీ పైపులు, ఎల్బోలు, గమ్ము తెచ్చి ఇంటి డాబా మీద కట్టాను. వల మాత్రం పిల్లల వల్ల దొరికింది. బ్యాచ్‌లో జాలారిపేట నుంచి వచ్చే అన్నదమ్ములిద్దరున్నారు. వాళ్ల నాన్న పాత నైలాన్ వల ముక్క ఇచ్చి, తనే కూర్చుని అంచులు అల్లిపెట్టారు. డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రం నీళ్లలో దింపితే రెండు నిమిషాలు తేలి, ఒక పక్కకి ఒరిగి, మెల్లగా అడుక్కి చేరింది. ఒక ఎల్బో దగ్గర గమ్ము సరిగ్గా అంటలేదు, పైపు నిండా నీళ్లు. చిన్నవాడు గట్టు మీంచి, "ఏటి సార్, గోలు మునిగిపోనాదా?" అన్నాడు. మళ్లీ తీసి ఆరబెట్టి, కీళ్లన్నీ తిరిగి అతికించి, ఈసారి వెనకాల రెండు ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు కట్టాను. తేలింది. అందంగా మాత్రం లేదు.

గోలు నుంచి 2 మీటర్ల గీతకి గుర్తుగా గట్టు మీద ఎర్ర మగ్గు, 6 మీటర్లకి పసుపు బకెట్. పెద్ద పోటీల్లో కూడా ఆ గీతల రంగులు అవే.

ఏప్రిల్ 28

మొదటి రోజు. ముందు కాళ్లు చూశాను. వాటర్ పోలోకి పునాది ఎగ్ బీటర్ అనే తన్ను. రెండు కాళ్లూ కలిపి కప్పలా తన్నితే మనిషి పైకి లేస్తాడు, మళ్లీ దిగిపోతాడు. ఒక కాలు తర్వాత ఒక కాలు, ఎదురెదురు దిశల్లో గుండ్రంగా తిప్పితే ఒకే ఎత్తులో నిలకడగా ఉంటాడు, చేతులు రెండూ ఆటకి మిగులుతాయి. కవ్వంతో మజ్జిగ చిలికినట్టు అన్నాను. సగం మంది మొహాలు చూసుకున్నారు. మిక్సీల తరం.

తర్వాత ఏమీ చెప్పకుండా బంతి వేసి ఐదు నిమిషాలు వదిలేశాను. అనుకున్నదే జరిగింది, బెల్లం చుట్టూ ఈగలు. పన్నెండు మంది ఒక్క చోట. బంతి ఉన్నవాడికి చెయ్యి ఎత్తే జాగా లేదు.

ఇద్దరు మాత్రం ఆ గుంపులో లేరు. జాలారిపేట అన్నదమ్ములు కాస్త దూరంగా, తల నీళ్ల పైన పెట్టుకుని చూస్తున్నారు. మొదట బెరుకు అనుకున్నాను. కాదు. వాళ్లు సముద్రంలో ఈత నేర్చుకున్నారు. అల ఎటు నుంచి వస్తోందో చూడకపోతే అక్కడ కుదరదు కాబట్టి తల ఎప్పుడూ పైనే. మిగతా పిల్లలు పూల్‌లో నేర్చుకున్నవాళ్లు. మొహం నీళ్లలో పెట్టి అడుగున ఉన్న నల్ల గీత చూస్తూ ఈదమని వాళ్లకి చెప్పింది మనమే. వేగం వాళ్లదే ఎక్కువ, కానీ ఎక్కడికి వెళ్తున్నారో వాళ్లకే తెలీదు.

ఏప్రిల్ 29

ఒకమ్మాయి అమ్మమ్మగారి కవ్వం పట్టుకొచ్చింది. గట్టు మీద బకెట్ నీళ్లలో అందరం చిలికి చూశాం. మూడు నిమిషాలు చేతులు నీటి పైన ఉంచి నిలబడగలిగినవాళ్లు నలుగురు.

మే 1

ఈ రోజు తప్పంతా నాది. వైట్‌బోర్డు తెచ్చాను. ప్రెస్ డిఫెన్స్, జోన్ డిఫెన్స్, కౌంటర్ ఎటాక్, ఆరుగురు ఐదుగురి మీద దాడి చెయ్యడం, అన్నీ బాణాలతో గీసి పాతిక నిమిషాలు చెప్పాను. తడి ఒంటితో కూర్చున్న పిల్లలు వణుకుతూ విన్నారు. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అన్నారు. నీళ్లలోకి దిగాక మళ్లీ ఈగలే.

బోర్డు పై నుంచి చూసే బొమ్మ. నీళ్లలో కళ్లు నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉంటాయి. ఆ బొమ్మకీ పిల్లలకి కనిపించేదానికీ పోలికే లేదు. నేను బెంచీ మీంచి చూసిన ఆటని నీళ్లలో ఉన్నవాళ్లకి చెబుతున్నాను.

మే 3

బోర్డు ఇంట్లో పెట్టేశాను. కొత్త ఆట, పేరు 'ఎన్ని వేళ్లు'. బంతిని రెండు చేతుల మధ్య తోసుకుంటూ తల పైకెత్తి ఈదాలి. గట్టు మీద నేను నడుస్తూ వేళ్లు చూపిస్తాను, ఈదుతున్నవాళ్లు ఆ అంకె అరవాలి. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. మెడలు నొప్పి అని గోల. తల ఎత్తితే నడుము దిగిపోతుంది, దాన్ని కాళ్లు లేపాలి, కాళ్లు త్వరగా అలిసిపోతాయి. రెండు వారాలు నొప్పి ఉంటుంది, తర్వాత పోతుంది.

అన్నదమ్ములు నవ్వుతూ చేసేశారు. పూల్‌లో అందరికన్నా వేగంగా ఈదే అమ్మాయి ఆఖరున వచ్చింది, ఏడుపు మొహంతో.

మే 6

స్థానాల గొడవ. దాడి చేసేటప్పుడు గోలు ముందు ఐదుగురు విల్లులా వంపుగా ఉంటారు, ఆరోవాడు గోలు ఎదురుగా మధ్యలో. గోలు వైపు చూస్తే కుడి చివర 1, అక్కడి నుంచి ఎడమకి 2, 3, 4, 5. మధ్యలో ఉన్న సెంటర్ 6. చాలా చోట్ల ఈ అంకెలే వాడతారు. కానీ మా పిల్లల టోపీల మీదా అంకెలున్నాయి. "మూడుకి ఇవ్వు" అంటే 3 నంబరు టోపీకి ఇస్తున్నారు, వాడు గోలు దగ్గర ఉన్నా సరే. అరిచీ అరిచీ గొంతు పోయింది.

విడిగా క్యారమ్స్ కాయిన్లు పరిచి మళ్లీ చెబుతుంటే అన్నదమ్ముల్లో పెద్దవాడు, "సార్, గోలు సముద్రం అనుకోండి. మనం ఊర్లో నిలబడి సముద్రం వైపు చూస్తే ఎడమ చివర భీమిలి కదా" అన్నాడు. ఒక్క క్షణం అందరం ఆగాం. అంతే, తలా ఒకటి అందుకున్నారు. ఎడమ చివర భీమిలి. దాని పక్కన రుషికొండ. కుడి చివర యారాడ. దాని పక్కన హార్బర్. వెనక మధ్యలో, గోలుకి అందరికన్నా దూరంగా ఉండి ఎటు నుంచి ఎటు వెళ్లాలన్నా తగిలేది జగదాంబ జంక్షన్. ఇక గోలు ముందు ఒడ్డునే, సగం మునిగి సగం తేలి, ఎవరు లాగినా కదలకుండా ఉండే సెంటర్? అందరూ ఒకేసారి "కురుసుర!" అన్నారు. బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరీన్.

మా సెంటర్ కాస్త బొద్దుగా ఉండే కుర్రాడు. ఇన్నాళ్లూ స్కూల్లో ఏ ఆటలోకీ పిలవలేదట. ఈ పేరుకి వాడి మొహం వెలిగిపోయింది. ఎవరూ ఎక్కిరించలేదు, ఎందుకంటే వాణ్ని ముగ్గురు కలిసి తోసినా కదలడం లేదు.

ఆరోజే మొదటిసారి బంతి చుట్టూ గుంపు విడిపోయింది. "నువ్వు భీమిలి, అక్కడెందుకున్నావు?" అని వాళ్లలో వాళ్లే తిట్టుకుంటున్నారు. భీమిలికి వేసే పొడుగు పాసుకి 900కె అని బస్సు నంబరు కూడా పెట్టేశారు.

మే 9

బంతి చేతుల్లోంచి జారిపోతోంది. అందరి నుంచీ. బంతి పాతబడిందేమో అనుకున్నాను. నీటి మీద సన్నటి జిడ్డు తెర చూశాక అర్థమైంది. క్లోరిన్‌కి జుట్టు పాడవకుండా అమ్మలు కొబ్బరినూనె దట్టించి పంపుతున్నారు. ఒంటికి నూనె రాసుకోవడం నియమాల ప్రకారం కూడా కుదరదు, రిఫరీలు మ్యాచ్‌కి ముందు చూస్తారు, గోళ్లతో సహా. గోళ్లు కత్తిరించమని, నూనె వద్దని తల్లులకి మెసేజ్ పెట్టాను. ఒకావిడ ఫోన్ చేసి జుట్టు ఊడితే బాధ్యత నీదే బాబూ అన్నారు. ఒప్పుకున్నాను.

మే 12

ఇప్పటికి అసలు విషయానికి వచ్చాం: కురుసురకి బంతి ఎలా అందించాలి.

పాసులు రెండు రకాలు. చెయ్యెత్తినవాడి చేతిలోకి నేరుగా వేసేది పొడి పాసు. నీటి మీద, కావాల్సిన చోట పడేలా వేసేది తడి పాసు. వంపులో ఉన్నవాళ్లు ఒకరికొకరు పొడి పాసు వేసుకోవాలి. కురుసురకి మాత్రం తడి పాసే, వాడి వీపు మీద ఎప్పుడూ అడ్డుకోవడానికి ఎదుటి జట్టు గార్డు ఒకడు ఉంటాడు కాబట్టి. చేతిలోకి వేస్తే గార్డు చెయ్యి అడ్డం పెడతాడు. గార్డుకి దూరంగా, కురుసురకి బారెడు దూరంలో నీటి మీద పడితే అది వాడొక్కడికే అందుతుంది.

మరి బంతిని వంపులో అటూ ఇటూ ఎందుకు తిప్పాలి? ఈ ప్రశ్న పొడుగు కుర్రాడు అడిగాడు, కాస్త విసుగ్గానే. మంచి ప్రశ్న. కాయిన్లతో కాకుండా నీళ్లలోనే చూపించాం. గార్డు భీమిలి వైపు భుజం మీద ఉన్నాడు. రుషికొండ నుంచి పాసు వేస్తే గార్డు చేతిలోకే. అదే బంతి జగదాంబ మీదుగా హార్బర్‌కి వెళ్లిందనుకోండి, ఆ వైపు ఖాళీ. గార్డు మునిగి ఈది ఆ పక్కకి రావాలి, కనీసం రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లే మనకి కావాల్సింది. వాడు వచ్చేశాడా, మళ్లీ జగదాంబ, రుషికొండ. బంతి గాలిలో వెళ్తుంది, గార్డు నీళ్లలో వెళ్లాలి. ఎవరు ముందు అలిసిపోతారు?

పొడుగు కుర్రాడు "ఓహో" అన్నాడు. ఆరు వారాల్లో నాకు జీతం ఏదైనా ముట్టిందంటే అదే.

అందిన తర్వాత ఏం చెయ్యాలన్నది ఇంకా చిత్రం. కొత్తవాళ్లు బంతి దొరగ్గానే గట్టిగా పట్టుకుంటారు. ఈ ఆటలో అదే పొరపాటు. బంతి పట్టుకున్నవాణ్ని గార్డు పట్టుకోవచ్చు, తోయొచ్చు, నీళ్లలోకి నొక్కొచ్చు. ఆ నొక్కుడులో బంతి నీళ్ల కిందకి వెళ్తే ఫౌల్ బంతి ఉన్నవాడిదే. అదే బంతిని వదిలేసి పక్కన తేలనిస్తే, ఇప్పుడు వాణ్ని పట్టుకోవడం గార్డు తప్పు. మామూలు ఫౌల్ అయితే ఫ్రీ త్రో, వెనక్కి లాగినా ముంచినా గార్డు కొంతసేపు ఆట బయటికి. అంటే వదిలినవాడే లాభపడతాడు. మా కురుసురకి ఇది చెప్పడానికి రెండు రోజులు పట్టింది. బంతి దొరికిందే గొప్ప అన్నట్టు రెండు చేతులా కావలించుకుంటాడు. అన్నట్టు రెండు చేతులా పట్టుకోవడం కూడా ఫౌలే, గోలు కాసే గోలీకి తప్ప.

"వదిలేయ్, పక్కనే ఉంటుంది, ఎక్కడికీ పోదు" అని గట్టు మీంచి అరుస్తుంటే, నడకకి వచ్చిన పెద్దాయన ఒకరు ఆగి, ఎవరి పెళ్లి సంబంధం గురించో అనుకున్నారట.

మే 14

ఎడమచేతి వాటం అమ్మాయిని ఇన్నాళ్లూ నేను గమనించకపోవడం నాకే సిగ్గుగా ఉంది. కుడిచేతి వాళ్లకి భీమిలి వైపు నుంచి గోలు కొట్టడం సులువు, బంతి ఉన్న చెయ్యి గోలు మధ్యకి దగ్గరగా ఉంటుంది. యారాడ వైపు నుంచి వాళ్ల చెయ్యి గోడ వైపు ఉండిపోతుంది, గోలు సన్నగా కనిపిస్తుంది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకి దీనికి సరిగ్గా తిరగబడి. అందుకే ఏ జట్టైనా కుడి వైపుకి ఒక ఎడమచేతి ఆటగాడి కోసం వెతుకుతుంది.

అమ్మాయిని యారాడకి పంపాను. మూడు షాట్లలో రెండు గోలు. "ఇంట్లో ఈ చేత్తో తింటే నానమ్మ చేతి మీద కొడుతుంది సార్" అంది.

మే 18

ఉరుములు, మెరుపులు. పిడుగుపాటు భయం ఉన్నప్పుడు నీళ్లలో ఉండకూడదు, అందరినీ పైకి రమ్మన్నాను. షెడ్డు కింద చోడి (రాగి) అంబలి తాగుతూ కబుర్లు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు వాటర్ పోలో స్వర్ణం మనదే అని చెబితే ఒక్కరూ నమ్మలేదు. "ఇండియాకా?" 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కూడా మన జట్టు ఆడింది. 1970లో ఆసియా రజతం, 1982లో కాంస్యం. "తర్వాత?" అన్నారు. వాన తగ్గినట్టుంది చూడండి అన్నాను.

మే 19, 20

డిఫెన్స్. రెండు రోజులకీ కలిపి ఒకే మాట: నీ మనిషికీ గోలుకీ మధ్య నువ్వుండాలి. కొత్తవాళ్లు బంతికీ తమకీ మధ్య దూరం కొలుస్తారు, గోలు వెనకాల ఉందని మర్చిపోతారు. ఒక చెయ్యి నీ మనిషి మీద ఆనించి ఉంచు, తల తిప్పి బంతి చూడు. చేత్తో మనిషి, కళ్లతో బంతి. నడుము పైకి, అడ్డంగా పడుకున్నట్టు ఉండు, నిలువుగా వేలాడితే వాడు కదిలినప్పుడు నువ్వు బయల్దేరేసరికే వాడు గోలు దగ్గర ఉంటాడు.

ప్రెస్, అంటే ప్రతివాడూ తన మనిషిని అంటిపెట్టుకోవడం, దీన్ని కాస్త చేయించాను. వెనక్కి జారి సెంటర్ చుట్టూ కాపు కాసే పద్ధతిని, అంటే జోన్‌ని, ఈసారికి వదిలేశాను. నాకు తెలిసి కొత్తవాళ్లకి అది ముందు నేర్పితే బద్ధకం అలవాటవుతుంది, అందరూ గోలు ముందు చేరి చేతులెత్తి తేలుతూ ఉంటారు.

మే 22

కౌంటర్ ఎటాక్, అంటే బంతి చిక్కగానే ఎదుటివాళ్లు సర్దుకునేలోపే దాడికి దూసుకెళ్లడం. దీనికి మాత్రం పూల్ మొత్తం వాడాం. లోతు తక్కువ వైపు కాలు ఆనిస్తే బంతి అవతలి జట్టుకి.

ఇద్దరు దాడికి, ఒక్కడు గార్డు. బంతి ఉన్నవాడు చెయ్యాల్సింది నేరుగా గోలు మీదకి ఈదడం. గార్డు నీ మీదకి వస్తే పాసు, రాకపోతే గోలు. ఇంత చిన్న విషయం, అయినా అందరూ చేసే తప్పు ఒకటే, గార్డు ఇంకా ఐదు మీటర్ల దూరంలో ఉండగానే భయపడి పాసు ఇచ్చేస్తారు. అప్పుడు గార్డు తీరిగ్గా రెండోవాడి దగ్గరకి వెళ్తాడు. దగ్గరకి రానివ్వాలి. టెన్షన్ భరించాలి. గార్డు చెయ్యి నీ మీదకి లేచే దాకా ఆగాలి.

ఇందులో మళ్లీ అన్నదమ్ములే ముందు. చిన్నవాడిని అడిగాను, ఎలా ఆగగలుగుతున్నావని. "అల దగ్గరకొచ్చినాకే కదా సార్ మునగాల" అన్నాడు.

మే 25

ఒక ప్రయోగం చెడింది. బంతి అందరికీ అందాలని, గోలు కొట్టే ముందు ఆరుగురూ ఒక్కసారైనా తాకాలని షరతు పెట్టాను. ఏం జరిగిందంటే గోలు ముందు ఎవరూ లేకపోయినా "ఇంకా హార్బర్ తాకలేదు" అని వెనక్కి పాసు. నేను చూడమన్నది ఖాళీని, వాళ్లు చూస్తున్నది నా షరతుని. మధ్యలోనే ఆపేశాను. దాని బదులు గడియారం పెట్టాను. అంతర్జాతీయ ఆటలో ఒక జట్టు చేతిలో బంతి ఉన్నాక గోలుకి ప్రయత్నించడానికి చాలాకాలం 30 సెకన్లు ఉండేది. మాకు 40. వెంటనే ఆట బాగుపడింది.

కానీ ఆ షరతు వదిలిన మచ్చ ఒకటి ఉందని నాకు తర్వాత తెలిసింది.

మే 29

ఆరుగురు ఐదుగురి మీద. ఫౌల్ చేసి ఎదుటివాళ్లలో ఒకడు బయటికి వెళ్లినప్పుడు ఏం చెయ్యాలి? 4-2 అని ఒక పద్ధతి, 3-3 అని ఒకటి. 3-3 తీసుకున్నాను, మా పిల్లలు ఉన్న చోటి నుంచి పెద్దగా కదలక్కర్లేదు. భీమిలి, కురుసుర, యారాడ 2 మీటర్ల గీత దాకా జరుగుతారు, ఎర్ర మగ్గు దాటకూడదు, బంతి తమకన్నా ముందు లోపలికి వెళ్తే తప్ప. రుషికొండ, జగదాంబ, హార్బర్ పసుపు బకెట్ దగ్గర. ఐదుగురు ఆరుగురిని కాయలేరు, ఎప్పుడూ ఒకరు ఖాళీ. ఆ ఒకరు ఎవరో కనిపెట్టడమే పని.

ఐదుగురి వైపు చెప్పింది కబడ్డీ భాషలో. గొలుసు తెగకూడదు. బంతి అటు వెళ్తే ఐదుగురూ అటు అరబారెడు జరగాలి.

బయటికి వెళ్లినవాడు మూలన తాడు అవతల ఉండి 20 సెకన్లు తనే పైకి లెక్కపెట్టాలని పెట్టాను. పదకొండు తర్వాత పదిహేను అంటున్నారు. లెక్క గోలీ అమ్మాయికి అప్పగించాను. ఆ పిల్ల దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

జూన్ 5

ఈ రోజు మ్యాచ్. మాకంటే ముందు, ఐదింటికి వచ్చే పెద్దవాళ్ల బ్యాచ్‌లో ఈత బాగా వచ్చినవాళ్లు ఎనిమిది మంది సరదాగా ఆడతామన్నారు. ఒకే గోలు కాబట్టి వంతులవారీ దాడి. పది దాడులు వాళ్లవి, పది మావి, మధ్యలో కాసేపు విరామం, మళ్లీ పదీ పదీ.

మొదటి పదిలో పెద్దవాళ్లు అచ్చం ఏప్రిల్ 28న మా పిల్లల్లా ఉన్నారు. ఈగలు. పిల్లలు గార్డు కాస్తూ వాళ్లని ఆటాడించారు. మా వంతులో హార్బర్ నుంచి తడి పాసు, కురుసుర తిరిగి వెనక చేత్తో గోలు. గట్టు మీద తల్లిదండ్రులు విజిల్స్. ఒకాయన "భీమిలి! భీమిలి!" అని అరుస్తుంటే దారిన పోయేవాళ్లు ఆటో అనుకుని ఉంటారు. ఆరడుగుల రెండంగుళాల అంకుల్ ఒకాయన మునివేళ్ల మీద నిలబడుతున్నాడని పిల్లలు గొడవ. నిజమే, నిలబడుతున్నాడు. ఫౌల్ ఇచ్చాను. సగం ఆటకి 4-3, మేమే ముందు.

విరామంలో పెద్దవాళ్లలో ఒకరికి బుర్ర పనిచేసింది. రెండో సగంలో వాళ్లు నలుగురు వెనక్కి వచ్చి మా కురుసుర చుట్టూ గోడ కట్టేశారు. బంతి ఎటు తిప్పినా లోపలికి దారి లేదు. పిల్లలు తిప్పారు. రుషికొండ, జగదాంబ, హార్బర్, జగదాంబ, రుషికొండ. చక్కటి పాసులు. బయట ముగ్గురూ పూర్తిగా ఖాళీ, ఎదురుగా చెయ్యెత్తినవాడు ఒక్కడూ లేడు, కొట్టొచ్చు. కొట్టలేదు. 40 సెకన్లు అయిపోయేవి, బంతి అవతలికి. జగదాంబలో ఉన్న పొడుగు కుర్రాడు ఒకసారి చెయ్యెత్తి, నా వైపు చూసి, మళ్లీ పాసు ఇచ్చేశాడు.

8-5. ఓడిపోయాం.

ఇంటికి వెళ్తూ పాత పేజీలు తిరగేశాను. దూరం నుంచి షాటు కొట్టించిన రోజు ఎన్నోది అని చూస్తే, లేదు. పాసు, పాసు, పాసు. మే 25న పెట్టి తీసేసిన షరతు వాళ్ల బుర్రల్లోంచి పోలేదు. వెనక్కి జారి కాపు కాసే పద్ధతి నేర్పనన్నాను, సరే, కానీ ఎదుటివాళ్లు అది వేస్తే ఏం చెయ్యాలన్నది కూడా నేర్పలేదు. పెద్దవాళ్లు ఎవరూ చెప్పకుండా పది నిమిషాల్లో కనిపెట్టిన దాన్ని నేను బద్ధకం అని పక్కన పెట్టాను.

జూన్ 7

పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పాను, ఇది నా లోటని. పెద్దగా పట్టించుకోలేదు. గోలీ అమ్మాయికి మాత్రం కోపం ఉంది, తన మీదకి వచ్చిన ఎనిమిదిలో మూడు ఆపగలిగేదాన్ని, ఎవరూ నాకు విడిగా ఏమీ నేర్పలేదు అంది. నిజమే. ఆరు వారాలూ ఆ పిల్లని గోల్లో నిలబెట్టి మిగతావాళ్లకి పాఠం చెప్పాను.

ఈ రోజంతా షాట్లే. బంతిని పై నుంచి నొక్కకుండా కింద నుంచి అరచెయ్యి పెట్టి లేపడం, మోచెయ్యి చెవి పక్కకి రావడం, కాళ్లతో నడుము దాకా నీళ్ల పైకి లేచి అప్పుడు కొట్టడం. బలం చేతిలో లేదు, ఆ లేవడంలో ఉంది. పొడుగు కుర్రాడి మొదటి పది షాట్లూ గోలు మీంచి వెళ్లి గోడకి తగిలాయి. పదకొండోది పైపుకి తగిలి ఎల్బో ఊడింది. గోలు మళ్లీ ఒక పక్కకి ఒరిగింది.

జూన్ 8

12 నుంచి బడులు. రోజూ కుదరదు, ఇక ఆదివారాలు మాత్రమే. పదిహేను మందిలో పదకొండు మంది వస్తామన్నారు. వేగంగా ఈదే అమ్మాయి మానేస్తోంది, రేసులకే వెళ్తుందట. తల పైకెత్తి ఈదడం వల్ల తన టైమింగ్ పాడైందని వాళ్ల నాన్నగారు కాస్త నిష్ఠూరంగా అన్నారు. కాదని అనలేకపోయాను.

గోలు డాబా మీద ఆరుతోంది. ఈసారి పీవీసీ గమ్ముతో పాటు కీళ్లకి స్క్రూలు కూడా వేస్తున్నాను. వల ఒక మూల తెగింది, చిన్నవాడు తీసుకెళ్లాడు, తనే అల్లుకొస్తానన్నాడు. ఆదివారం మొదటి అరగంట గోలీకి. తర్వాత జగదాంబ నుంచి షాట్లు, నలుగురు వెనక్కి జారినప్పుడు. ఆ నలుగురిగా దిగడానికి పెద్దవాళ్ల బ్యాచ్ నుంచి మునివేళ్ల అంకుల్‌ని కూడా పిలిచాను. వస్తానన్నారు, కాళ్లు ముడుచుకునే ఆడతానని మాటిచ్చారు.